గుట్ట పేరుమీది పైసలు

సిద్దిపేట జిల్లా, మన ఊరు
4-9-2023

తమ్ముడు పర్శరాములుకు అక్క కనకవ్వ దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వు భివండిల సల్లగ ఉండాలె. నేనిక్కడ బాగున్ననని రాయనీకె చెయ్యి వస్తలేదు. నాలుగు నెలల సంది ఫోను ఎత్తుతలేవు. నూలు దుమ్ముకు దగ్గు వస్తుందా? ముక్కుకు తువ్వాల కట్టుకుంటున్నవా? మగ్గం మిషన్ పక్కన పండకు బిడ్డా, నాకు కండ్లు మూతవడ్తలేవు.

మన గుట్ట సంగతి. చెట్లు పచ్చగ ఉన్నన్ని ఏండ్లు సర్కారు పంచాయతికి ఏటేటా పైసలు పంపుతదని, అండ్లకెల్లే కావలిదారుకు జీతమని చెప్పి నిన్ను పెట్టిన్రు గద. మూడేండ్లు ఎండల వానల కాసినవు. పైసలు గుట్ట పేరుమీదనే వచ్చినయి గని, గుట్టకు దక్కింది నీ జీతమొక్కటే. తక్కినయన్ని వీధిలైట్ల కరెంటు బిల్లుకు, పంచాయతి ఆఫీసు రంగులకు పోయినయి. మొక్కలకు నీళ్ల డ్రమ్ము అడిగితే, వానదేవుడు చచ్చిండా అన్నడు సర్పంచ్ గజేందర్.

ఎండకాలం తనిఖీకి వచ్చిన ఫారెస్టు ఆఫీసరు శైలజ మేడం చూసేసరికి చిన్న మొక్కల కొసలన్ని కొరికి ఉన్నయి. చెవుకు గాటు, మెడల పసుపు తాడుతోని మేకపోతు ఆడనే మేస్తుంది. పోచమ్మకు ఇడిసిన జీవాన్ని ఎవలు అదిలిస్తరు? నువ్వు ఒక్కటే మాట అన్నవట.

"అది దేవత మేక మేడం. కట్టె లేపుడు నాతోని కాదు."

ఆమె ఫోటోలు తీసుకొని పోయింది. ఈ ఏడు పైసలు ఆగినయి. గజేందర్ నిన్ను నలుగుర్ల నిలవెట్టి, కల్లు తాగి పండి ఊరి నోట్ల మన్ను కొట్టినవన్నడు. తెల్లారి నువ్వు బస్సెక్కినవు.

ఇప్పుడు కావలి లేడు. గుట్ట కింద గొడ్డలి సప్పుడు ఇనవడుతది. మొన్న బోనాలకు గా మేకపోతునే కోసిన్రు. గజేందర్ ఇంటికి తొడ పోయింది. నాకూ ఒక పోగు పంపిన్రు. వండకుంటనే పక్కింటి రోజారాణికి ఇచ్చిన.

ఏళకు తిను. పైలం.

నీ అక్క
కనకవ్వ

మరిచిపోయి కింద రాస్తలేను, భయానికి ఆపిన. గా మేకపోతును సిద్దిపేట అంగట్ల కొని, ఎవ్వలకు చెప్పకుంట గుట్ట కాడ ఇడిసింది నేనే తమ్మీ. నీ నౌకరి పర్మినెంటు కావాలని మొక్కిన. నిన్ను నలుగుర్ల తిట్టిన నాడు నేను ఆడోళ్ల ఎనుక నిలవడి ఉన్న.