ఎడమవైపు నుంచి కొట్టరాదు

1961 సెప్టెంబర్ 18, సోమవారం

ఉత్తర సరస్సుల ఐస్ హాకీ లీగు పదిహేనో సంవత్సరంలో అడుగుపెడుతున్న సందర్భంగా దాని చరిత్ర రాయవలసిందని ప్రెసిడెంటు స్ట్రాన్ ఈ ఉదయం నన్ను ఆదేశించారు. లీగు సెక్రటరీని నేనే, గుమస్తాను నేనే, కవర్లకు స్టాంపులు అంటించేదీ నేనే. చరిత్రకారుణ్ణి కూడా నేనే కావడానికి పాలనాపరమైన అభ్యంతరం కనిపించలేదు.

టొరంటోలో చరిత్ర ఎం.ఏ. చదివినందుకు ఆయన నన్ను ప్రొఫెసర్ అంటారు. ఆ పిలుపులో గౌరవం ఉన్నట్టు పదకొండేళ్లుగా ఆధారాలు వెతుకుతున్నాను. అంతా నిజమే రాయమన్నారు. తన ఫోటో మాత్రం మొదటి పేజీలో, ఎడమ చెంప కనిపించేలా వేయమన్నారు.

సెప్టెంబర్ 26, మంగళవారం

లీగు సమావేశాల పాత మినిట్స్ చదివాను. 1947లో కార్బిన్ ఫాల్స్ హోటల్ భోజనశాలలో ఎనిమిది మంది వ్యాపారులు సమావేశమయ్యారు. మొదటి తీర్మానం సూప్ చల్లగా ఉందని. రెండోది లీగు స్థాపించాలని. సూప్ తీర్మానం ఏకగ్రీవం.

ఎనిమిది జట్లతో మొదలై ఐదుకు చేరాం. ఒక జట్టు ఆడే మంచు మైదానం, అంటే రింకు, పైకప్పు మంచు బరువుకు కూలిపోయింది. ఒక ఊళ్లో గని మూతపడి, జట్టుతోపాటు ఊరు కూడా పోయింది. మూడో జట్టు యజమానికి ఆదివారం ఆడటం పాపమని హఠాత్తుగా తెలిసింది. ఈ కాలానికి ‘సుస్థిరీకరణ దశ’ అని శీర్షిక పెట్టాను. ప్రెసిడెంటుగారికి చాలా నచ్చింది.

అక్టోబర్ 4, బుధవారం

‘గాయాలు, చికిత్స’ అధ్యాయం. ఫైళ్లలో ఒక ఉత్తరం దొరికింది. దాన్ని ఫైల్ చేసింది నేనే. చదవకుండా ఫైల్ చేశాను.

1959 ఫిబ్రవరిలో మన కార్బిన్ ఫాల్స్ డిఫెన్స్ ఆటగాడు ఒవిలా తెర్యో ఎడమకంటికి స్టిక్ తగిలింది. రింకులో డాక్టరు లేడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఆ కంటికి చూపు పూర్తిగా పోయిందని ఆసుపత్రివారు ఆ ఉత్తరంలో రాశారు. తెర్యో నెల తర్వాత మళ్లీ దిగాడు. ఇప్పటికి తొంభై రెండు ఆటలు ఆడాడు.

లీగు నిబంధన 31 ప్రకారం రెండు కళ్లకూ చూపున్నవాడే ఆడాలి. ఏటా అక్టోబరులో పరీక్ష ఉంటుంది. డ్రెస్సింగ్ రూము గోడకు మొదటినుంచీ ఒకటే అక్షరాల చార్టు. జట్టంతటికీ అది కంఠస్థం.

ఇంకో సంగతి కూడా గమనించాను. ఒకరినొకరు ఢీకొట్టడం ఈ ఆటలో మామూలే అయినా, తొంభై రెండు ఆటల్లో ఏ జట్టువాడూ తెర్యోను ఎడమవైపు నుంచి ఢీకొట్టలేదు. లీగులో అందరికంటే మోటు ఆటగాడైన, పొరుగూరి జట్టు హ్రినిక్‌ను సాయంత్రం కలిసి కారణం అడిగాను. ముక్కు మూడుసార్లు విరిగినవాడు, ముగ్గురివి విరగ్గొట్టినవాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

“తాతకి అటేపు కనపడదు కదయ్యా. అటేపు నుంచి కొడితే ఆట అంటారా దాన్ని? జేబు కొట్టెయ్యడం అంటారు.”

తెర్యోకు ముప్పైనాలుగేళ్లు. లీగంతా తాత అంటుంది.

ఐదు ఊళ్లలో ఎనభైమంది ఆటగాళ్లు, ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, ఎక్కడా రాసుకోకుండా పాటిస్తున్న నియమం ఇది. లీగు రాసుకున్న నలభై నాలుగు నిబంధనల్లో ఇంతమంది పాటించేది ఒక్కటీ లేదు. ఆసుపత్రి ఉత్తరం తేదీతో సహా అంతా పద్నాలుగో ఫుట్‌నోట్‌గా రాశాను. ఈ చరిత్ర మొత్తంలో నేను గర్వంగా రాసింది అదొక్కటే.

అక్టోబర్ 9, సోమవారం

తెర్యో ఆఫీసుకు వచ్చాడు. ఆటగాళ్ల సంఘం పెడుతున్నారట. ఎనభైమందిలో అరవై ఒక్కమంది సంతకాలు. కోరికలు రెండే: ప్రతి ఆటకూ రింకులో డాక్టరు ఉండాలి, ఎవరినైనా తీసేసేముందు అతను చెప్పుకునేది వినాలి.

ప్రెసిడెంటుగారు కాగితం అందుకుని, చేతిరాత బాగుందని మెచ్చుకుని, తెర్యోకు కాఫీ ఇప్పించారు. ఆయన ఎవరికైనా కాఫీ ఇప్పించడం నేను ఇంతకుముందు రెండుసార్లు చూశాను. ఆ ఇద్దరూ ఇప్పుడు లీగులో లేరు.

అక్టోబర్ 12, గురువారం

చిత్తుప్రతి ప్రెసిడెంటుగారికి సమర్పించాను. నూటపన్నెండు పేజీలు, నలభై ఫుట్‌నోట్లు. ఆయన ఫుట్‌నోట్లు చదవరు.

అక్టోబర్ 16, సోమవారం

చదివారు.

తన పేరు ఎన్నిచోట్ల వచ్చిందో లెక్కపెట్టుకుంటూ పేజీల అడుగుదాకా వెళ్లారట. పద్నాలుగో ఫుట్‌నోట్ కింద ఎర్ర పెన్సిల్ గీత. గీత చాలా తిన్నగా ఉంది. స్కేలు పెట్టి గీశారు.

“ఇంత పనికొచ్చే పుస్తకం నా జన్మలో చదవలేదు, ప్రొఫెసర్.”

కంటి పరీక్ష శుక్రవారం. ఈసారి స్వయంగా హాజరవుతారట. మినిట్స్ నేను రాయాలి.

అక్టోబర్ 17, మంగళవారం

రింకుకు వెళ్లాను. ప్రాక్టీసు అయిపోయి తెర్యో బెంచీ మీద స్కేట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. అతనికి కుడివైపున కూర్చుని చెప్పాను. కంటి సంగతి ప్రెసిడెంటుకు తెలిసింది, తెలియజేసింది నేను, ఉద్దేశం మాత్రం మంచిదే అని. మూడో విషయం చెప్పవలసిన అవసరం లేదని చెప్పాక తెలిసింది.

అతను చాలాసేపు తాడు ముడితోనే కుస్తీ పట్టాడు.

“ఎవడో తాగి వాగుంటాడు అనుకున్నా. రాశారా సెక్రటరీగారూ మీరు? కూచుని, కాగితం మీద?”

రాశానన్నాను.

“హ్రినిక్‌కి నాలుగో క్లాసు కూడా లేదు. వాడికి తెలిసింది, ఏది నోట్లో ఉంచుకోవాలో.”

తర్వాత తనే నన్ను ఓదార్చాడు. అది ఇంకా కష్టంగా ఉంది. చార్టు తన ఇద్దరు కూతుళ్ల పుట్టినరోజులకన్నా బాగా గుర్తుందని, భయపడవద్దని అన్నాడు. ఆటకు ముందు పనిచేసిన గనిలోకి తిరిగి వెళ్లలేడు. గని దరఖాస్తులో కూడా కళ్ల గురించి ఒక గడి ఉంది. హాకీ తప్ప అతనికి వేరే దారి లేదు.

అక్టోబర్ 20, శుక్రవారం

లీగు డాక్టరు తెర్యో కుడికంటి మీద దూది పెట్టి బ్యాండేజీ కట్టాడు. ప్రెసిడెంటుగారు వేలు పెదవుల మీద పెట్టుకుని, మునివేళ్ల మీద గోడదాకా నడిచి, మేకుకున్న చార్టు తీసి, చుట్టి, చంకలో పెట్టుకున్నారు. పదకొండేళ్లలో ఆయన ఇంత మృదువుగా నడవడం చూడలేదు.

“ఊఁ, చదువు తాతా” అన్నారు.

తెర్యో నిటారుగా నిలబడి చదివాడు. ఇ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఐదో వరుసలో కొంచెం ఆగాడు, కన్ను చికిలించాడు, అక్షరాలు చిన్నవి కదా అన్నట్టు. ఎనిమిది వరుసలు. ఖాళీ గోడను ఒక్క తప్పు లేకుండా చదివాడు.

డాక్టరు తన బూట్లు చూసుకున్నాడు. నాకు మూడు రోజులుగా దగ్గు. ఒక్కసారి దగ్గితే చాలు, అతను ఆగిపోయేవాడు, ఈ రోజు కాదు తలనొప్పిగా ఉంది అనేవాడు, ఏదో ఒకటి అనేవాడు. ఆ నాలుగు నిమిషాలూ నాకు దగ్గు రాలేదు.

మినిట్స్: ‘ఆటగాడు పరీక్షకు పూర్తిగా సహకరించాడు.’

అక్టోబర్ 23, సోమవారం

నిబంధన 31 కింద తెర్యో అనర్హుడు. అయితే లీగు తన మనుషులను వీధిలో వదలదని ప్రెసిడెంటుగారు ప్రకటించారు. రిఫరీ ఉద్యోగం ఇస్తున్నారు. రిఫరీ కళ్ల గురించి నిబంధనల పుస్తకం మౌనంగా ఉంది. నేను రెండుసార్లు వెతికాను.

రిఫరీలు ఆటగాళ్ల సంఘంలో ఉండరాదన్న నిబంధన మాత్రం ఉంది. ఈ ఉదయం పదిన్నరకు చేర్చాం. టైపు చేసింది నేనే.

పదకొండుకు తెర్యో సంతకం పెట్టాడు. ఎక్కడ పెట్టాలో నేను వేలితో చూపించబోతే, కనిపిస్తోందన్నాడు.

అక్టోబర్ 27, శుక్రవారం

అరవై ఒక్క సంతకాల కాగితం గురించి ఎవరూ అడగలేదు. ఫైల్ చేశాను.

అక్టోబర్ 31, మంగళవారం

చరిత్ర అచ్చయి వచ్చింది. ముప్పై తొమ్మిది ఫుట్‌నోట్లు. పద్నాలుగోది ఇప్పుడు సూప్ గురించి. ‘మన రిఫరీలు’ పేజీలో తెర్యో ఫోటో ఉంది. వైద్య సదుపాయాల విషయంలో లీగు చూపిన శ్రద్ధకు అతన్ని ఉదాహరణగా పేర్కొన్నాం. ఫోటో కింది వాక్యం నాది. బాగా కుదిరిందని అందరూ అంటున్నారు.

నవంబర్ 4, శనివారం

రిఫరీగా తెర్యో మొదటి ఆట, సొంత ఊళ్లోనే. మూడో పీరియడ్‌లో కార్బిన్ ఫాల్స్ గోల్‌ను రద్దు చేశాడు. పక్, అంటే ఆ రబ్బరు బిళ్ల, గోల్ గీత దాటలేదు. నేను స్పష్టంగా చూశాను. మూడు వేలమంది లేచి నిలబడి గుడ్డోడా, గుడ్డోడా అని అరిచారు. ప్రెసిడెంటుగారు ఒక్కరే అరవలేదు.

నేను అరిచాను.