బోర్లించిన బిందె

సర్వధారి కార్తీకం, సోమవారం

ఇవాళా గుర్తు రాలేదు. ఆ నవలలో గూఢచారి పెట్టుడు మీసం వానకు తడిసి ఊడిపోయిన సంగతి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రైలుపెట్టెలో పొట్టివాడు తుమ్మిన తుమ్ము కూడా. మీసం నాకెందుకు, తుమ్ము నాకెందుకు! కావలసింది బిందె. గూఢచారి పెళ్లాం బిందె బోర్లించింది — రమ్మనా, రావద్దనా?

మంగళవారం

మా ఆయనకు వేరే గుర్తే దొరకలేదు. సంఘంలో చేరి ఇల్లు విడిచిన రోజు పోతూ పోతూ ఒక్క మాట — "మన నవలల లెక్కనే. గుట్ట మీదికెల్లి బిందె జూసుకొనే వస్త." ఏ నవల, ఏ బిందె అని అడిగేలోపే గోడ దూకాడు. బెజవాడ నవలలు ఆయన పైకి చదువుతుంటే నేను పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతుండేదాన్ని. సగం చప్పుడు, సగం కథ. పుస్తకం చూద్దామంటే, సోదాల భయానికి అత్త దాన్ని నీళ్లపొయ్యిలో వేసింది.

బుధవారం

బడిలో మిలిటరీ దిగింది. సంఘం వాళ్ల ఇళ్లు అడుగుతున్నారట. ఆయనకు ఈ సంగతి తెలియదు. ఇప్పుడు వస్తే నేరుగా వాళ్ల చేతుల్లోకే. భయంగా ఉంది. కోపంగా కూడా.

అత్తను అడిగాను. కథ కుదురుగా విన్నది ఆమె ఒక్కతే కదా. "బోర్లిస్తే రావద్దనే పిల్లా. గుమ్మి కాడ బోర్లించింది, నా చెవులార విన్న." అమ్మయ్య. లోపలి అర్రలో జొన్నల గుమ్మి పక్కన బోర్లించాను.

శుక్రవారం

జొన్నలు తీస్తూ ఆ బిందే తగిలి పడ్డాను. అప్పుడు వెలిగింది... చీకటి అర్రలోని బిందె గుట్ట మీది మనిషికి ఎట్లా కనిపిస్తుంది? గుమ్మి కాదు, గుమ్మం! మన కడపను ఆ నవలల్లో గుమ్మం అంటారు. ఇక్కడ ఎవరంటారు ఆ మాట? అత్త చెవిలో గుమ్మి అయి కూర్చుంది. "నీ కొడుకు పానం గుమ్మి పక్కన పెట్టినవ్ గద అత్తా" అంటే — "గట్లనా? అయితే బోర్లించింది రమ్మనేనేమో" అంటుంది! తల గోడకేసి కొట్టుకోవాలి.

శనివారం

కడప పక్కన బోర్లించాను. తిప్పాను. మళ్లీ బోర్లించాను. పక్కింటి ఎల్లమ్మ — "ఉత్తగనే ఉన్నది గద, జర నీళ్లకు ఇయ్యి." ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

ఆదివారం

ఊరూరా గాజులమ్మే మల్లమ్మ వచ్చింది. గాజులు తొడుగుతూ మెల్లగా — "రామన్నపేట తొవ్వల మీ ఆయన కలిసిండు. 'బిందె ఎట్లనో నాకు యాదికొస్తలేదు, దానికే యాదికుంటది, దానికి తెలిసినట్ల పెట్టుమను' అన్నడు."

నేను పెడితే నీకేం తెలుస్తుందయ్యా! మల్లమ్మ చెయ్యి పట్టుకున్నాను. మిలిటరీ ఉన్నది, రావద్దని చెప్పమన్నాను. "యాడ దొరుకుతడు బిడ్డా? నేను ఇటు రాంగనే ఆయన గుట్టల్ల వడ్డడు. ఇయ్యాలో రేపో వస్తడు."

సోమవారం

బిందె తీసేశాను. ఎవరికీ గుర్తు లేని గుర్తు దేనికి? కడప మీద నేనే నిలబడ్డాను, వద్దని చెయ్యి ఊపుదామని. అంతలోనే లోపలికి వచ్చాను. నన్ను చూస్తే ఆగే మనిషి కాదు. చెయ్యి ఊపితే రమ్మన్నాననే అనుకుంటాడు. తలుపేసి కూర్చున్నాను. ఆ ముఖం చూసి ఎన్ని నెలలైందో... రాకూడదు దేవుడా.

ఇది రాస్తుండగానే — దొడ్డివైపు ఎవరో దగ్గారు. "నా కొడుకే పిల్లా" అంది అత్త. ఆయన దగ్గేనా, మిలిటరీవాడిదా? చెవి పెట్టాను. రెండోసారి దగ్గడం లేదు. అత్త గొళ్లెం మీద చెయ్యి వేసింది.