వేలికి తగలని గాడి

చిరంజీవి మార్నాకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ కుక్కా బాగానే ఉన్నాం. అలాస్కాలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను.

పైకప్పు కారుతోందా అని అడిగావు. కారడం లేదు, అసలు వాన పడితే కదా. గడ్డి ఒక్క కోతతో సరి. తింటున్నావా అని కూడా రాశావు. తింటున్నాను. మీ అమ్మ పోయాక బంగాళాదుంపలు ఒక్కడికి ఎన్ని ఉడకెయ్యాలో ఇంకా తెలియడం లేదు. మిగిలినవి కుక్కకు పెడుతున్నాను.

సెప్టెంబరు వేటకు రెండు డబ్బాల తూటాలు చేసి ఉంచమన్నావు. అవి చెయ్యలేదు. ఫోనులో చెబుదామని చూశాను గానీ, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను.

సైన్యం పేల్చి అమ్మేసిన ఇత్తడి తూటా గుల్లలతో పని నీకు తెలిసిందే. మరతుపాకీలో పేలిన గుల్ల సాగి ఉంటుంది. అడుగుకు కాస్త పైన లోపల సన్నటి గాడి పడితే, మళ్ళీ మందు కూరి పేల్చినప్పుడు అక్కడే తెగుతుంది. వంచిన తీగ లోపలికి పెట్టి గీస్తే గాడి దగ్గర కొన ఆగడం వేళ్ళకు తెలుస్తుంది. అలా ఆగినవన్నీ నలగ్గొట్టి పారేసేవాణ్ణి.

మొన్న పక్క పొలం డెల్బర్ట్‌తో కంకర గుంట దగ్గర రైఫిల్ గురి సరిచూసుకుంటున్నాను. నేను కూరిన తూటా ఒకటి పేల్చగానే చెంపకు వేడి ఆవిరి కొట్టింది. బోల్టు లాగితే గుల్ల అడుగు మాత్రమే వచ్చింది. మిగతాది లోపలే ఉండిపోయింది.

"దీంట్లో తీగ పెట్టి చూశావా, లేక టీవీ చూస్తూ కూరావా?" అన్నాడు డెల్బర్ట్.

"చూశాను. ఏమీ తగల్లేదు."

అతను ఆ ముక్క తీసుకుని, నా వేలు పట్టి అంచు మీద పెట్టాడు. "కాగితంలా ఉంది చూడు. ఇది తగల్లేదా నీకు?"

"ఇప్పుడూ తగలడం లేదు" అన్నాను.

అతను తుపాకీ తనే సంచిలో పెట్టి, తన బండిలోనే నన్ను ఇంట్లో దింపాడు.

చక్కెర జబ్బు వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారాయి తల్లీ. చలి అనుకున్నాను. చలి పోయింది, మొద్దు పోలేదు. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. అందుకే పోయిన శరదృతువులో నువ్వు తీసుకెళ్ళిన డబ్బాలో ఏవి వేళ్ళకు తెలిసి చేశానో, ఏవి తెలియక చేశానో నాకే తెలియదు.

ఇంకొకళ్ళు కూరిన తూటా ఎవరూ పేల్చరు. నువ్వు నావి మాత్రం ఏనాడూ తిప్పి చూడకుండా వాడావు. ఇక వద్దు. అక్కడ కొట్లో కొత్తవి కొనుక్కో. ఆ డబ్బాలో మిగిలినవి ఎవరికీ ఇవ్వకు, ఒక్కటి కూడా పేల్చకు.

పక్కన పెట్టేశానని ఒక కార్డు ముక్క రాయి. అది వచ్చేదాకా రోజూ రోడ్డు మీది పోస్టు డబ్బా దాకా నడుస్తాను. ఇక్కడ నాకు వేరే పనేమీ లేదు.

ఇట్లు,
మీ నాన్న