పెద్ద తెర ముందు మామయ్యగారు

ఏమండీ,

అన్నం కుక్కర్లో ఉంది, కూర వేడి చేసుకోండి. ఆరిన బట్టలు తీసి మడత పెట్టండి, కుర్చీలో కుప్ప పోయకండి. మామయ్యగారు ఇంట్లో లేరని కంగారు పడకండి, నాతోనే ఉన్నారు. నిన్న మనం ముగ్గురం చూసిన సినిమాకే, అదే పెద్ద తెర హాలుకి మళ్ళీ వెళ్తున్నాం.

అవును, వెక్కిరించిన నేనే వెళ్తున్నాను. పెద్ద తెర మీద చూడకపోతే సినిమా చూసినట్టే కాదని మీరు నా బుర్ర తిన్నారు. తీరా చూస్తే హీరో ముక్కు మన వంటగదంత ఉంది. విలన్ అరిచినప్పుడల్లా నా కుర్చీ వణికింది. మీరేమో తెర వెడల్పూ స్పీకర్ల గొప్పా నా చెవిలో ఊదుతూ సగం కథ విననివ్వలేదు. శుద్ధ దండగ అనుకున్నాను.

అంతలో మామయ్యగారు చెవి మెషిన్ తీసి జేబులో వేసుకున్నారు. "అమ్మాయ్, ఇది లేకుండానే అంతా వినబడుతోందే!" అన్నారు. ఇంట్లో టీవీ చూసేటప్పుడు ఆయన మన మొహాలు చూసి, మనం నవ్వాక నవ్వుతారు. నిన్న హాలంతటితో పాటే నవ్వారు. ఒకసారైతే అందరికన్నా ముందే నవ్వారు. పక్కనే కూర్చుని కూడా మీరు ఆ నవ్వు చూడలేదు. అందుకే ఇవాళ మీకు టికెట్ తీయలేదు.

ఇంకో మాట. రాగానే ఆయన మీకు కథంతా చెప్తారు. మీరు చూసిందే అయినా, అడ్డు తగలకుండా చివరిదాకా వినండి.