కింది వాటాకు వెళ్ళే ప్రశ్నలు

అక్కా,

నువ్వెలా ఉన్నావని అడిగి, మేం బాగున్నామని రాసి, ఆ తరువాత తీరిగ్గా అసలు సంగతికి వచ్చే ఓపిక ఈ రోజు లేదు. మీ బడిలో మా గువ్వకు ఐదో తరగతిలో సీటు కావాలి. ఆఫీసులో కూర్చునేది నువ్వే కాబట్టి నువ్వు తలుచుకుంటే అవుతుంది. హాస్టల్లో ఉంచినా సరే, నీ దగ్గరే ఉంచుకుంటే ఇంకా మంచిది. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

నవ్వుతున్నావు కదూ? నవ్వు. పిల్లలకు బడి అక్కర్లేదు, ఇంట్లో ఉంటే నచ్చింది వాళ్ళే నేర్చుకుంటారని చుట్టాలందరికీ క్లాసు పీకింది నేనే. దాని కోసం కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసిందీ నేనే. ఏం నేర్చుకోవాలో గువ్వే చెప్పాలి, ఎవరి దగ్గర నేర్చుకుంటుందో కూడా దాని ఇష్టమే అని ఇంట్లో రూలు పెట్టిందీ నేనే. ఆ రూలే నా కొంప ముంచింది. అది పోయి పోయి మా తోటికోడల్ని ఎంచుకుంది!

తెలుసుగా, కింది వాటాలో ఉంటుంది, మా ఆయన తమ్ముడి భార్య. పొద్దున మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడి, భోజనాల వేళకు ఇల్లు చేరుతుంది. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, గువ్వ నా ఎదుట పుస్తకం మూసేసి మెట్లు దూకుతుంది. పోనీ ఆవిడకేమైనా వచ్చా? ఒక్క ముక్క రాదక్కా! చంద్రుడు పగలు కూడా ఎందుకు కనబడతాడని అడిగితే, "ఏమో తల్లీ, నేనూ ఎప్పుడూ అదే అనుకుంటా" అంటుంది. అంతే, ఇద్దరూ డాబా ఎక్కి మెడలు పట్టేసేదాకా ఆకాశం చూస్తారు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన నేను వంటింట్లో చేతులు నలుపుకుంటూ నిలబడతాను. నా కూతురు నన్నొక ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు కూడా లేదు. నాకంటే తెలిసినదాని దగ్గరకు వెళ్ళినా ఇంత బాధపడేదాన్ని కాదు.

సీటు సంగతి వెంటనే రాయి.

ఒళ్ళు మండిపోతున్న
నీ చెల్లెలు

⁂

అక్కా,

సీటు ఉంచానని రాశావు, బతికించావు. అసూయతో పిల్లను దూరం చేసుకుంటావా అని కూడా రాశావు. అవును, అసూయే. నీ దగ్గర బుకాయించి ఏం లాభం? ముందు ఇది విను, తరువాత తిట్టు.

ఆదివారం మా తోటికోడలి టేబుల్ ఫ్యాను అటూ ఇటూ తిరగడం మానేసింది. ఆవిడా గువ్వా దాన్ని ఊడదీసి నేలంతా పరిచారు. ఆరిన బట్టలు ఇద్దామని దిగుతున్నదాన్ని, మాటలు వినబడి మెట్ల మీదే ఆగిపోయాను. "మీ అమ్మని పిలుద్దామే, తనకి తెలిసుంటుంది" అంటోంది ఆవిడ. గువ్వ గొంతు తగ్గించి, "వద్దొద్దు పిన్నీ, అమ్మ చెప్పేస్తుంది!" అంది. చెప్పేస్తుందట! ఇంటి మీదకు దొంగ వస్తున్నట్టు అందక్కా ఆ మాట. బట్టలు అక్కడే పడేసి పైకొచ్చి ఏడ్చాను.

మర్నాడు నేనూ ఒక నాటకం ఆడాను. స్నానాల గదిలో అద్దం చూపించి, "దీని మీద ఆవిరి ఎందుకు పడుతుందో నాకూ తెలీదే, చూద్దామా?" అన్నాను, అచ్చం మా తోటికోడలి గొంతు పెట్టి. గువ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు తెలుసమ్మా. పిన్నిలా మాట్లాడకు, ఏం బాలేదు" అనేసి చక్కా పోయింది. నా మొహం మాడిపోయింది.

ఫ్యాను బాగైంది. కింద ఇద్దరూ కేకలు వేసి చప్పట్లు కొడుతుంటే, అది మళ్ళీ పాడైపోతే బాగుండునని కోరుకున్నాను. నా బుద్ధి అంత దిగజారింది. నాకు దక్కని ఆ మధ్యాహ్నాలు ఆవిడకూ దక్కడానికి వీల్లేదు. వచ్చే సోమవారం గువ్వను తీసుకుని బయలుదేరుతున్నాను.

ఎన్ని తిట్లయినా తినే
నీ చెల్లెలు

⁂

అక్కా,

సోమవారం మేం రావడం లేదు. కంగారు పడకు, పూర్తిగా చదువు.

పెట్టె సర్దుతుంటే గువ్వ వచ్చి నిలబడింది. "నా గౌన్లెందుకు పెడుతున్నావు?" అంది. చాన్నాళ్ళకు నన్నడిగిన ప్రశ్న ఇదక్కా!

"పెద్దమ్మ వాళ్ళ బళ్ళో వేస్తున్నా."

"ఎందుకు?"

ఏది అడిగినా జవాబు నా నాలుక చివరే ఉంటుంది కదా, దీనికి మాత్రం స్నేహితులుంటారనీ, పెద్ద ఆటస్థలం ఉంటుందనీ ఏదేదో గొణిగాను. "అది కాదు, ఎందుకు?" అంది మళ్ళీ. ఇక నావల్ల కాలేదు. "ఎప్పుడు చూసినా పిన్ని, పిన్ని! నాకు కుళ్ళుగా ఉందే" అనేశాను.

నవ్వుతుందనుకున్నాను. లేకపోతే వచ్చి మెడకు చుట్టుకుంటుందనుకున్నాను. రెండూ చేయలేదు. మంచం మీద కూర్చుని, "ఏం నేర్చుకోవాలో నేనే చెప్పాలన్నావుగా. మరి ఎక్కడ నేర్చుకుంటానో నన్నడిగావా?" అంది. అరవలేదు, ఏడవలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

"లేదు" అన్నాను.

"అయితే ఇప్పుడడుగు."

అడిగాను. ఇంట్లోనే ఉంటానంటుందనుకున్నాను. "చూడకుండా ఎలా చెప్తానమ్మా? ఓసారి వెళ్ళి చూసొచ్చి చెప్తా" అంది. సరేనన్నాను. చూశాక అది ఏం చెబితే అదే. అక్కడే చదువుతానంటే దాన్ని నీకప్పగించి ఒంటరిగా తిరిగి వస్తాను. అందుకని ఇంకో వారం సీటు ఎవరికీ ఇవ్వకు.

గురువారం వస్తున్నాం. ఎవరితో వెళ్తావంటే, "నువ్వే రా అమ్మా" అంది. ఎగిరి గంతేశాననుకో! నన్నే రమ్మందని పొంగిపోతూ వంట చేశాను. సాయంత్రం తెలిసింది, ముందు పిన్నినే అడిగిందట. ఆవిడకు షాపులో సెలవు దొరకలేదట.

అయినా వస్తున్నాను. బస్సులో మూడు గంటలు దాని పక్క సీటు నాదే. దారిలో అది ఏదైనా అడిగితే టక్కున చెప్పేయకుండా ఉండగలనో లేదో, ఏమీ అడగకపోతే తట్టుకోగలనో లేదో, నాకు నిజంగానే తెలియదక్కా.

గువ్వ తల్లి