చివరి గది రిపోర్టు

తేదీ 17, మంగళవారం,
మధ్యాహ్నం మూడున్నర

దొరికింది పిచ్చికా, మీ అమ్మకి చోటు దొరికింది, నూటికి తొంభై తొమ్మిది మార్కుల చోటు!

ఇదిగో, వరస తప్పాను. ముందు నిన్ను దీవించాలి, అల్లుడుగారి క్షేమం అడగాలి, బుడ్డిదాని బడి సంగతి అడగాలి, ఆ తర్వాత కదా విషయం. ఏం చేయను, పెన్ను మూత తీయగానే విషయమే ముందు దూకేసింది. సరే, ఇప్పుడు రాస్తున్నాను. నువ్వూ, అల్లుడుగారూ, నా మనవరాలూ చల్లగా ఉండాలి. నీ కాలి కట్టు ఇరవై ఐదున విప్పినప్పుడు ఎముక ఇనుములా అతుక్కుని ఉండాలి. నేను కులాసా. మీ అమ్మ సంగతే ఈ ఉత్తరమంతా.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు, ఐదోది ఏడుపు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడటానికి వీల్లేదు. కాలు స్టూలు మీద పెట్టుకుని నింపాదిగా చదువు.

పోయిన నెల నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక ఏ వైద్యం చేసినా ఒంటిని హింసపెట్టడమే తప్ప జబ్బు తగ్గదు అని చెప్పి, హాస్పిస్ అనే మాట అన్నాడు. జబ్బు నయం చేయడానికి కాదట, ఉన్నన్నాళ్లూ నొప్పి లేకుండా చూసుకునే చోటట. ఆ మాట నీ చెవిన వేస్తే నిప్పు తొక్కినట్టు ఎగిరావు. అమ్మని తీసుకెళ్లి అలాంటి చోట పడేశావంటే మళ్లీ నీ గడప తొక్కను నాన్నా, కట్టు విప్పగానే నేనొచ్చి ఇంకో ఆస్పత్రిలో చూపిస్తాను అన్నావు. చూసొస్తాను, చేర్చను అని నేను మాటిచ్చాను. ఎలా చూశానో చెబుతాను, కోప్పడటం ఆ తర్వాత.

మీ నాన్న ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాడు. జబ్బుల గురించి నాకేం తెలుస్తుంది? కానీ ముప్పై ఎనిమిదేళ్లు సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. బస్సు బాగోగులు ఎలా కనుక్కోవాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. డిపోలో ఎక్కకూడదు, అక్కడ అందరూ బుద్ధిమంతులే. మధ్య స్టాపులో, చెప్పాపెట్టకుండా ఎక్కాలి. ముందు సీట్లవాళ్లని అడగకూడదు, వాళ్లకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. నేరుగా చివరి సీటుకి వెళ్లి అక్కడ కూర్చున్న మనిషిని అడగాలి. ప్రతి గుంతా ముందు తెలిసేది ఆ నడుముకే. నేను మూడు చోట్లనీ అలాగే చూశాను. జేబులో పాత నోటుబుక్కు, ఎర్ర పెన్సిలు. మీ అమ్మ నన్ను చూసి, యూనిఫారం కూడా ఇస్త్రీ చేయించనా అంది.

మొదటిది గాజు తలుపుల చోటు. నేలలో మన మొహం కనబడుతుంది. గోడ మీద టైంటేబుల్ కొట్టారు. తొమ్మిదికి స్నానాలు, పన్నెండుకి భోజనాలు, పన్నెండున్నరకి నిద్ర. నా గడియారంతో సరిచూశాను, నిమిషం తేడా లేదు. టైముకి నడిచే బండి కనిపిస్తే నాలాంటివాడికి కళ్లు చెమరుస్తాయి. తొంభై మార్కులు వేసేసి, అలవాటు ప్రకారం చివరి గదికి వెళ్లాను. ఒక పెద్దాయన మెలకువగా పడుకుని ఉన్నాడు. మంచినీళ్లు కావాలన్నాడు. బెల్లు నొక్కకపోయారా అన్నాను. ఆయన కళ్లతో గోడ చూపించాడు. మంచం పక్కన వేలాడాల్సిన బెల్లు తాడుని ఎత్తుగా మేకుకి చుట్టేసి ఉంచారు, నీటుగా, ముడి కూడా అందంగా వేసి. ఆ ముడి నాకు తెలుసు. పాత బస్సుల్లో కొందరు కండక్టర్లు అలాగే తాడుని పైకి కట్టేసేవాళ్లు, ఎవరూ లాగి ఆపకుండా. ఆయనకి నీళ్లు పట్టి, తాడు విప్పి చేతికిచ్చి, తొంభై కొట్టేసి సున్నా పెట్టి వచ్చాను.

రెండోచోట మనసున్న నర్సు ఒక్కతే ఉంది, పద్నాలుగు మంచాలున్నాయి. పాపం, కిక్కిరిసిన బస్సులో ఒక్క కండక్టరు టిక్కెట్లు కొడుతూ తలుపూ చూసుకుంటూ ఉన్నట్టుంది ఆమె పని. డాక్టరు ఎప్పుడొస్తాడమ్మా అన్నాను. మంగళవారం, శుక్రవారం అంది. బుధవారం నొప్పి వస్తేనో అన్నాను. వస్తాడని అబద్ధం చెప్పకుండా, తల దించుకుని పక్క మంచం దుప్పటి సర్దింది. ఆమెకి నూరు, ఆ చోటుకి ముప్పై.

ఇక మూడోది. అక్కడే మీ నాన్న పప్పులో కాలేశాడు.

పదకొండింటికి వెళ్లాను. ఒకాయన అప్పుడే పళ్లు తోముకుంటున్నాడు. ఒకావిడ జుట్టు దువ్వలేదు. ఉదయం పెట్టిన టిఫిను పళ్లెం ఒక గదిలో అలాగే ఉంది. అన్నిటినీ మించి, ఒక నర్సు ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గడియారం పెట్టి చూశాను, ఇరవై నిమిషాలు కదల్లేదు. డ్యూటీలో కునికే కండక్టరుని కూడా అంతసేపు నేను సహించలేదు. ఎర్ర పెన్సిలుతో, పని ఎగ్గొట్టి ఖాళీగా కూర్చున్నారు, అని రాసి, కాగితం చించి నేరుగా పెద్ద నర్సు చేతిలో పెట్టాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. రెండుసార్లు చదివి, ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది. ఆ ముసలాయన ఒకప్పుడు లెక్కల మాస్టారట. నొప్పి మందు ఇచ్చాక అది పట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలూ ఒంటరిగా ఉంటే ఆయనకి భయం. అందుకని ఫైల్లో, మందు పట్టేదాకా పక్కన కూర్చోవాలి, అని రాసి ఉంది. రోజుకి నాలుగుసార్లు. ప్రతిదాని పక్కనా కూర్చున్నవాళ్ల సంతకం. ఇక్కడ కూర్చోవడం కూడా డ్యూటీయేనండీ అంది. మరి టిఫిను పళ్లెం? రాత్రి సరిగ్గా నిద్రపట్టనామెని ఎనిమిదింటికి లేపి తినమంటామా అంది. ఇక్కడ టైంటేబుల్ లేదా అని అడిగాను. ఉంది, ఎవరిది వాళ్లకే ఉంది అంది.

పిచ్చికా, ముప్పై ఎనిమిదేళ్లలో నేను గీసిన ఎర్ర గీత వెనక్కి తీసుకోవడం అదే మొదలు. రబ్బరు ఉందా అమ్మా అని అడిగితే ఇచ్చింది.

అప్పుడు ఆమె నాకు పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. మిగతా రెండు చోట్లా మీ అమ్మ జబ్బు కాగితాలు అడిగారు. ఈమె మీ అమ్మ గురించి అడిగింది. ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, ఏమని పిలిస్తే నచ్చదు, కాఫీ మొహం కడుక్కోకముందా కడుక్కున్నాకా. నలభై ఆరేళ్ల కాపురం, ఆ చివరిది నాకు తెలియదు. ఇంటికొచ్చి మీ అమ్మని అడిగితే నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకుంది. ఇన్నాళ్లూ కాఫీ తెచ్చిచ్చింది ఎవరనుకున్నారు, నేను మొహం ఎప్పుడు కడుక్కున్నానో మీరు లేస్తే కదా తెలిసేది అంది.

ఇంకోమాట. ఆ చోట జబ్బు తగ్గిస్తామని ఒక్కరూ అనలేదు. నొప్పి తగ్గించగలం, జబ్బుని ఆపలేం అన్నారు. డాక్టరు రోజూ వస్తుంది, రాని వేళ పిలిస్తే పలుకుతుంది. నాకు కావలసింది అదే.

కానీ చివరి సీటు మాట వినకుండా రిపోర్టు మూయను కదా. అక్కడ చివరి గదిలో ఒకావిడ ఉంది. చేరి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నోరు కొంచెం పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నేను రోజూ వెళ్లి అడుగుతూ వచ్చాను, ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది.

మొదటి రోజు కావాలనే బెల్లు నొక్కి అంకెలు లెక్కపెట్టిందట. నూట ఎనభై లెక్కపెట్టాక వచ్చారట. వచ్చినమ్మాయి సాకులు చెప్పకుండా, పక్కగదిలో ఒకరిని ఎత్తి పట్టుకుని ఉన్నాను, వదిలి రాలేకపోయాను, అందట. ఆ తర్వాత ఎప్పుడూ అరవై దాటలేదట. నొప్పి ఎంతుందని సున్నా నుంచి పదిలో అడుగుతారట. మొదటి రోజు ఎనిమిది అంది, మూడో రోజుకి మూడు. నాలుగో రోజు వీళ్లని పరీక్షిద్దామని, నొప్పి ఆరు ఉన్నా రెండే అని చెప్పిందట. ఆ నర్సు ఆవిడ మొహం చూడలేదు, దుప్పటిని పట్టుకున్న పిడికిలి చూసి, ఇది రెండు కాదమ్మా అని మందు తెచ్చిందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్లలో మెరుపు చూడాలి.

మంచం మీదే తల వాల్చి, గాలి ఊదిన రబ్బరు తొట్టెలో జుట్టు రుద్ది కడిగారట. రెండు నెలల తర్వాత తల తేలికపడింది, ఆలోచనలు కూడా కడిగినట్టయ్యాయి అంది. గోడ చూడలేనంటే మంచం తిప్పి కిటికీ వైపు పెట్టారు. పొద్దున బడికి పోయే పిల్లలు ఆ కిటికీ పక్కనుంచే వెళ్తారు, ఎవరి బ్యాగు ఎవరు మోస్తున్నారో రోజూ నాకు చెబుతుంది. కాఫీ మాత్రం పలచన. ఎలా కలపాలో చెబితే మర్నాడు బాగా తెచ్చారు, ఆ మర్నాడు మళ్లీ నీళ్లే. ఒక మార్కు అందుకే పోయింది, ఆవిడ పట్టుబట్టి తీయించింది. వాళ్లాయన కుర్చీలో కూర్చుని గురకపెడితే ఆయనకీ దుప్పటి కప్పారట. దానికి ఇంకో మార్కు కలపనా అంటే వద్దంది, గురక ఆపించి ఉంటే కలిపేదాన్నంది.

మీ అమ్మ మనల్ని వదిలి వెళ్లబోతుంటే నాన్నకి ఇంత సంబరం ఏమిటని నువ్వు అనుకోకు. రెండు నెలలుగా ఆమె పళ్లు బిగించి పడుకోవడం చూశాను. గ్లాసు అందించినా, దిండు సర్దినా, నా చెయ్యి తగిలినా ఉలిక్కిపడేది. నా చెయ్యే ఆమెకి నొప్పి అయిపోయింది పిచ్చికా. ఆ నొప్పి తీయగల చోటు ఈ భూమ్మీద ఉందని తెలిస్తే, రోడ్డు మీద గంతులేయాలనిపించింది. మోకాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

అందుకని వచ్చే సోమవారం మీ అమ్మని అక్కడ చేర్చుదామని ఉంది. నువ్వు ఊ అంటే.

నీ జవాబు కోసం చూసే
మీ నాన్న,
చెకింగ్ ఇన్‌స్పెక్టరు (రిటైరయినా మానలేదు)

తా.క.: ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. అంతా బాగుంది, ఒక్కటే అబద్ధం, అది దిద్దకుండా కవరు అంటించొద్దు అంది. దిద్దుతున్నాను.

చివరి గదిలో ఉన్నావిడ మీ అమ్మే.

మూడోచోటికి నేను వెళ్లిన రోజు ఆ చివరి గది ఖాళీగా ఉంది. చివరి సీట్లో ఎవరూ లేరు, ఎవరిని అడగను, మార్కులు ఎలా వేయను అని ఇంటికొచ్చి గొణుక్కుంటుంటే, అయితే ఆ సీట్లో నేను కూర్చుని చెబుతాను పదండి అంది మీ అమ్మ. మూడు రోజులు చూస్తా, నచ్చకపోతే బెల్లు కొట్టి దిగిపోతానంది. నీకిచ్చిన మాట గుర్తుచేశాను. మాటిచ్చింది మీరు, నేను కాదు అంది. తొమ్మిదో తేదీ సోమవారం వెళ్లాం. మొన్న ఆదివారం ఫోనులో నువ్వు, అమ్మ గొంతు బాగుంది, ఆస్పత్రి మందు పనిచేస్తోంది అని మురిసిపోయావే, ఆ గొంతు ఈ గదిలోదే. ఈ ఉత్తరం కూడా ఆమె మంచం పక్క కుర్చీలోనే రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు నా చెయ్యి పట్టుకుంది. ఉలిక్కిపడలేదు.

మూడు రోజులయ్యాక దిగుతావా అని అడిగాను. నా స్టాపు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానంది.

ఆ స్టాపు దూరం లేదు పిచ్చికా. నెలలు కాదు, వారాలే అంటోంది డాక్టరు. ఇరవై ఐదుదాకా ఆగకు, కట్టుతోనే రా. ఇక్కడ చక్రాల కుర్చీలున్నాయి, గుమ్మానికి మెట్లు లేవు, మీ అమ్మ గది తలుపు నేనే టేపు పెట్టి కొలిచాను, కుర్చీ పట్టగా ఇంకా జానెడు మిగులుతుంది. నా గడప తొక్కనన్నావుగా, ఇది నా గడప కాదు. నన్ను తిట్టాలంటే వరండాలో తిట్టు, అక్కడ బెంచీ వేశారు.

మీ అమ్మ చెబుతుంటే రాసిన జాబితా ఇది. వీళ్లందరికీ నువ్వు చెప్పాలట:

మీ పెద్దత్తకి. కూర్చోబెట్టి చెప్పు. ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చేసి, ఇక్కడికి కబుర్లతో రమ్మను.

మీ మావయ్యకి. వేర్లూ పసర్లూ మూటగట్టుకుని రావద్దను. చెల్లెలి దగ్గర కూర్చుంటే చాలు, ఇక్కడ అది కూడా డ్యూటీయేనని చెప్పు.

మీ బాబాయికి. ఫోనులో వద్దు, ఆయనకి వినబడదు, వీధంతా వింటుంది. అల్లుడుగారిని ఇంటికి పంపు.

మీ పిన్నికి. ఆ పాత గొడవలో తప్పెవరిదో తనకిప్పుడు గుర్తులేదని చెప్పమంది. (పిన్నిదేనట. అది చెప్పొద్దంది.)

బుడ్డిదానికి. నిజమే చెప్పు. అమ్మమ్మ కిటికీ పక్కన ఉంది, బడి పిల్లల్ని చూస్తోంది, నిన్ను కూడా చూడాలంటోంది అని చెప్పు.

అందరికంటే ముందు, నీకు. ఆ పేరు పక్కన ఇప్పుడే టిక్కు పెట్టాను.