గిన్నప్ప మీద వేళ్ల గుర్తులు

తొర్రూరు,
ఆగస్టు

ప్రియమైన బావకు,

ఫోన్ల మాట్లాడుకుంటనే ఉన్నం గద, మళ్లీ ఈ ఉత్తరం ఏందని నవ్వకు. ఫోన్ల నువ్వు "తిన్నవా" అంటవు. నేను "తిన్న, నువ్వు?" అంట. "పంటున్న" అంటవు. అంతటితో అయిపోతది. అసలు చెప్పాల్సినవన్నీ ఫోన్ పెట్టేసినంక యాదికొస్తయి. మొన్న ఓపెన్ డిగ్రీ తెలుగు పుస్తకంల 'ఎడబాటు' అనే మాట చదివిన. నాకున్నదానికి ఒక పేరున్నదని అప్పుడే తెలిసింది. అందుకే రాస్తున్న.

సంగతి ఏందంటే, మన గిన్నప్పల బండి ఇంక ఉత్త బండి కాదు. మున్సిపల్ ఆఫీసు నుంచి కనకలక్ష్మి మేడం బస్టాండుకు వచ్చింది. పండ్ల బండ్లోళ్లను, చెప్పులు కుట్టేటాయనను, గాజులామెను, నన్ను, అందరినీ ఒక్కకాడ కూసోబెట్టింది. "మిమ్మల్ని ఎవరు పడితే వాళ్లు లేపి పక్కకు జరుపుతున్నరు. గుర్తింపు కార్డు ఉంటే అట్ల జరపలేరు. రిజిస్ట్రేషన్ కూడ చేసుకుంటే దుకాణాలకు, హాస్టళ్లకు సరుకు పెట్టొచ్చు" అన్నది. మన పక్కబండి ముత్తయ్య తాత ఊకుంటడా? "కార్డు ఇస్తే ఆకలైనప్పుడు నంజుకోవాల్నా బిడ్డా?" అన్నడు. "నువ్వు నంజుకోకు తాతా, బండి తీయమనేటోనికి చూపెట్టు" అన్నది మేడం. అందరం నవ్వినం. తాతనే అందరికంటె ముందు ఫోటో దిగిండు.

దరఖాస్తుల పేరు రాయాల్నట. ఏం పెడుదాం? నువ్వు బొగ్గు బాయి పనికి భూపాలపల్లి పోయేటప్పుడు అన్న మాట నేను మర్చిపోలే. "మన బండి నిలబడ్డ దినం నేను వచ్చేస్త రజీ" అన్నవు. నిలబడుతున్నది బావా.

రాంజీ అన్న కూరగాయల డీసీఎం వ్యాన్ల గిన్నప్పలు పంపుతున్న. గిన్నె లోపల బియ్యప్పిండి ఒత్తి, వేళ్లతో బొక్కలు చేసుకుంట నీతోనే మాట్లాడిన.

అద్దం ముందట రెండు దువ్వెనలు పెట్టుకున్న
నీ రజిత


భూపాలపల్లి,
సెప్టెంబర్

ప్రియమైన రజీకి,

నీలెక్క మాటలు పేర్చుడు నాకు రాదు. గిన్నప్పలు అందినయి. తినేముందు ఆ బొక్కలల్ల నా వేళ్లు పెట్టి చూసిన. దూరలే. నీ వేళ్లు గంత సన్నమని దగ్గరున్నప్పుడు చూసుకోకపోతి.

పేరు మా అమ్మది పెట్టు. నీకు నేర్పింది ఆమెనే గద.

ఈసారి జర ఎక్కువ పంపు. ఇక్కడోళ్లు ఒక్కటి మిగలనిస్తలేరు. వేడి మీద కవర్ల కట్టకు, చెమట పట్టి మెత్తబడుతున్నయి. ఒక ముసలమ్మ "నా పండ్లకు ఇట్లనే మంచిగున్నయి బిడ్డా" అన్నది గని, పోరగాండ్లు కరకరలాడాలె అన్నరు.

నా పని మామూలే. పరేషాన్ కాకు.

నీ నగేశ్


తొర్రూరు,
అక్టోబర్

ప్రియమైన బావకు,

పేరు కుదిరింది: 'కట్టమ్మ గిన్నప్పలు'. అత్తకు చదివి వినిపిస్తే మొకం మాడ్చుకున్నది. "పేరు గట్ల అచ్చు కొట్టేది పోయినోళ్లకే. నేనింక బతికే ఉన్న గదనే" అన్నది. తెల్లారి మాత్రం బండి కాడికొచ్చి, బోర్డు ముందట నిలబడి, చదువు రాకున్నా చాలాసేపు చూసింది. పక్కబండి తాతను పిలిచి "గిది నేనే" అని చూపెట్టింది.

జనగామల శిక్షణకు పోయొచ్చిన. అన్నీ ఒక్క తీరుగ ఉండాల్నని బొక్కలు చేసే అచ్చు ఇచ్చిండ్రు. ఒక్క ఒత్తుకే అన్ని బొక్కలు పడతయి. పని తొందరగ అయితది, కాదన. కని చేతుల కింద ఏమున్నదో తెల్వది. అందుకే బండి మీద అమ్మేటివి అచ్చుతోటి, నీకు పంపేటివి వేళ్లతోటే. అత్త చూసి "వానికి ఒక తీరు, ఊరికి ఒక తీరా" అని గుణుగుతది.

మహబూబాబాద్ నుంచి లైసెన్సు కూడ వచ్చింది. ఇంక ప్రతి ప్యాకెట్ మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉండాల్నట. అంటించేటప్పుడు నా నంబరు నేనే అచ్చుల చదువుకున్న. నీకు పంపేటి ప్యాకెట్లకు కూడ అంటించిన, చూడు.

మరి బండి నిలబడ్డది. ఎన్నడొస్తవు?

అన్నట్టు, బొగ్గు బాయి కాడ ముసలమ్మ ఎవరు? మీ సూపర్‌వైజరా?

నీ రజిత


భూపాలపల్లి,
కార్తీక మాసం

ప్రియమైన రజీకి,

లైసెన్సు సంగతి చదివి మస్తు సంతోషమైంది. అమ్మ పేరు మీద చెయ్యి పెట్టి చూసుకున్న.

ఇప్పుడే రాలేను. పని ఎక్కువున్నది, సెలవు దొరకది. కార్తీకం పోనియ్యి, చూస్త. ఈసారి ఉల్లిగడ్డ లేకుండ కూడ కొన్ని చెయ్యి. ఇక్కడ కొందరు ఈ నెలంత తినరు.

చలి మొదలైంది. శాలువ కప్పుకో.

నీ నగేశ్


తొర్రూరు,
కార్తీక మాసం

ప్రియమైన బావకు,

నిన్న బండి కాడ ఉండంగ ఎవరో పెద్దామె ఫోన్ చేసింది. "ప్యాకెట్ మీద ఈ నంబరున్నది బిడ్డా. కాళేశ్వరంల స్నానాలకు పోతే గోదారి ఒడ్డున ఒక పిలగాడు గంపల పెట్టి అమ్ముతున్నడు. మా ఊరికి పంపుతవా?" అన్నది. ఆమెనే మళ్లన్నది. "అన్నీ అమ్మిండు గని ఒక్కటి మాత్రం సంచిల దాసుకున్నడు. అది కూడ ఇయ్యరాదు అంటే, గది అమ్మేది కాదవ్వా, ఇంటిది అన్నడు. వాటి మీద వేళ్ల గుర్తులు ఎంత ముద్దుగున్నయో."

వేళ్ల గుర్తులున్నవి నేను ఒక్కనికే పంపుత.

రాంజీ అన్నను నిలబెట్టి అడిగిన. తల గోక్కున్నడు. "బాయిల నగేశ్ కాంట్రాక్టు పని వానలకే బందయింది చెల్లె. నీకు చెప్తే ఒట్టు అన్నడు" అన్నడు. ఉత్తరం మీద భూపాలపల్లి అని రాసుకుంట ఏటి ఒడ్డున కూసున్నవా? నాకు ముందే అనుమానం రావాలె. బొగ్గు బాయిల ఉల్లిగడ్డ మానేసేటోళ్లు ఉంటరా?

పెండ్లాం బండి మీద బతుకుతున్నడు అంటరని రాకుంటివి గద. మరి ఏం అమ్మినవు బావా అక్కడ? గదే బండిది. బస్టాండుల నిలబడి అరుసుకుంట అమ్మేదానికి సిగ్గయితుందని నేను నీకు ఎన్నడన్న చెప్పిన్నా? చెమట పట్టొద్దని, కరకరలాడాలని, ఉల్లిగడ్డ వద్దని చెప్పింది నువ్వే. అట్లనే చేసిన. అందుకే హాస్టలోళ్లు మనయి ఒప్పుకున్నరు.

పొద్దుగాల ఆఫీసుకు పోయి, ఒక్క పేరు మీద రెండు జాగలు ఉండొచ్చా అని కనకలక్ష్మి మేడంను అడిగిన. ఉండొచ్చునట. రెండో జాగ కాళేశ్వరం అని రాయించిన. అమ్మేటాయన ఫోటో కావాలె, సంతకం కావాలె అన్నది. నా కాడ నీ పెండ్లి ఫోటో ఉన్నది, ఇయ్యలే. నువ్వే రావాలె.

ఈసారి రాంజీ అన్నకు గిన్నప్పలు ఇయ్యలే. ఈ ఉత్తరం ఒక్కటే ఇచ్చిన. వచ్చేటప్పుడు డీసీఎంల ముందుసీటు ఖాళీగ ఉంచుమన్న. పిండి పట్టించి పెట్టిన, ఇంక తడపలే. నువ్వు దిగి చేతులు కడుక్కున్నంక తడుపుత. మొదటిది నువ్వు ఒత్తాలె. నీ వేళ్లు ఎంత పెద్దయో నేను కూడ చూసుకుంట.

బస్టాండుల ప్రతి డీసీఎం మోతకు తలెత్తే
నీ రజిత